కాఫీ వేళకు చల్లబడిన కణాలు

ఉప్సలా,
నవంబరు మొదటి వారం, 1986

నా స్తూరెకి,

నీ ఉత్తరం అందింది. అక్కడ ఉత్తరపు కొసన కిరునాలో అప్పుడే మోకాలి లోతు మంచు పడిందనీ, మన కోసం చూసిపెట్టిన ఇంటికి కొత్త కిటికీలు వేయిస్తున్నారనీ రాశావు. జనవరిలో ఆ కిటికీల ముందు మొగుడూ పెళ్లాం ఇద్దరం కూర్చుంటామని తలుచుకుంటే నాకు ఎంత బాగుందో చెప్పలేను. కానీ ఇవాళ సంతోషం గురించి రాసే ఓపిక నాకు లేదు. పొద్దుటి నుంచి కోపంతో ఉడికిపోతున్నాను. ఎవరి మీదో నీకు వేరే చెప్పాలా? మా హిల్డింగ్ మీద. మహానుభావుడైన మా ప్రొఫెసరు మీద.

పొద్దున పదవుతుండగా స్లైడ్లు చేసి, కిటికీ పక్క బల్ల మీద పెట్టి, మైక్రోస్కోపు దగ్గరికి వెళ్లబోతున్నాను. గున్నెల్ తలుపు తోసుకుని వచ్చింది. గున్నెల్ మా ఆఫీసు వ్యవహారాలు చూసే ఆవిడ. ఆవిడ దృష్టిలో మా లాబొరేటరీ నడుస్తున్నది కాఫీ కోసం, మధ్య మధ్య కాసేపు పరిశోధన.

“సోల్‌వెయ్, కాఫీ!”

“నాకొద్దు గున్నెల్. పనుంది.”

“పని ఎవరికి లేదే? నీ సూక్ష్మజీవులేమన్నా లేచి పారిపోతాయా? దాల్చినచెక్క బన్నులు చేసి తెచ్చాను. లే, లే!”

చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. వెళ్లకపోతే పెద్ద నేరం. అందరితో కలిసి కూర్చుని తాగనివాళ్లకి ఏదో జబ్బు ఉన్నట్టు చూస్తారు. వెళ్లి కూర్చున్నానో లేదో, హిల్డింగ్ తన కప్పులో చెంచా తిప్పుతూ, “ఏమంటున్నాయి అమ్మాయ్, నీ ముడుచుకుపోయిన ముద్దలు? ఇంకా ముడుచుకునే ఉన్నాయా?” అన్నాడు. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, చూడు నా ఖర్మ! నవ్వకపోతే హాస్యం తెలియనిదాన్నంటారు.

ఈ ముద్దల గొడవేమిటో నీకు ఇప్పటికి పదిసార్లు చెప్పి ఉంటాను. ప్రతిసారీ “నాకు రైలు మీది కరెంటు తీగలు తెలుసు గానీ బాక్టీరియా తెలీదు” అని ఆవలిస్తావు. ఈసారి కాస్త శ్రద్ధగా చదువు. మన ఒంట్లోని కణాల్లో డీఎన్ఏకి గోడలున్న గది ఉంటుంది. బాక్టీరియాకి ఆ భోగం లేదు. కణం కంటే వెయ్యి రెట్లు పొడవైన దారం, కణం నడిమధ్య ముద్దలా చుట్టుకుని ఉంటుంది. అడ్డుగోడ లేదు, తలుపు లేదు, అయినా ఆ ముద్ద చెదిరిపోదు. పలచటి తిండి పెడితే కణాలు చిన్నగా ఉంటాయి. మాంసం రసం లాంటి బలమైన తిండి పెడితే బొద్దుగా, పొడుగ్గా పెరుగుతాయి. మరి కణం పెరిగితే లోపలి ముద్ద ఎంత పెరగాలి? ఇదే ప్రశ్న. నా యవ్వనమంతా దీనికే పోతోంది.

కణం ఎంత పెద్దదైనా, ఎంత చిన్నదైనా, ముద్ద అందులో ఒకే వాటా ఆక్రమిస్తుందని హిల్డింగ్ నేను పుట్టకముందే తేల్చాడు. ఇల్లు పెద్దదయ్యే కొద్దీ కాపురమూ అంత మేరకే విస్తరిస్తుందన్నమాట. ఆ నియమం పుస్తకాల్లోకి ఎక్కింది, దానికి ఆయన పేరే పెట్టారు. నా ఫొటోల్లో అలా లేదు. చిన్న కణాల్లో ముద్ద హాయిగా పరుచుకుని ఉంటుంది. పెద్ద కణాల్లో మాత్రం నడుమకి ముడుచుకుని, చుట్టూ బోలెడంత ఖాళీ వదిలేస్తుంది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, నాలుగేళ్లుగా ఇదే వస్తోంది.

నీకు చెప్పని సంగతి ఒకటుంది స్తూరె. పోయిన ఏడు లుండ్‌లో సభ జరిగినప్పుడు బాగా జరిగిందని రాశాను కదా, అబద్ధం. నేను మాట్లాడటం అయ్యాక హిల్డింగ్ లేచి, నిండు సభలో, “సోల్‌వెయ్ తెలివైనదే. చెయ్యి మాత్రం ఇంకా కుదురుకోలేదు” అన్నాడు. నేను ఆయన శిష్యురాలిని. నా చెయ్యి అలా పట్టు, ఇలా పట్టు అని నేర్పింది ఆయనే. ఆ రాత్రి హోటల్ గదిలో ఏడ్చాను. నీకు రాస్తే నువ్వు రైలెక్కి వచ్చి ఆయన్ని కొడతావేమోనని రాయలేదు.

అయినా ఎందుకిదంతా. నా థీసిస్ అచ్చయి వచ్చింది. పరీక్ష డిసెంబరులో, నన్ను ప్రశ్నలడగడానికి కోపెన్‌హాగన్ నుంచి ఒకాయన వస్తున్నాడు. నెగ్గి చూపిస్తాను. ఇక ఆ కాఫీ బల్ల దగ్గరికి మాత్రం రేపటి నుంచి ససేమిరా వెళ్లను. గున్నెల్ తాడు కట్టి ఈడ్చినా సరే.

నీ
సోల్‌వెయ్


ఉప్సలా,
నవంబరు చివర

స్తూరె, నా స్తూరె,

ఈ ఉత్తరం చదివేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకో.

నా థీసిస్‌కి మేకు కొట్టాను. విశ్వవిద్యాలయం చావడిలో ఆ పెద్ద చెక్క పలక నీకు తెలుసు కదా. పరీక్షకి మూడు వారాల ముందు ప్రతివాళ్లూ తమ థీసిస్‌ని దానికి మేకుతో దిగగొట్టాలి. ఆ తర్వాత అది లోకం సొత్తు. వచ్చేపోయే ఎవడైనా తిప్పి చూడొచ్చు, తప్పు పట్టొచ్చు. నువ్వు లేవు కాబట్టి సుత్తి గున్నెల్ అందించింది. మొదటి దెబ్బ నా బొటనవేలి మీద పడింది. “చూశావా, చెయ్యి కుదురుకోలేదు” అని హిల్డింగ్ అంటాడేమోనని చూశాను, అనలేదు. టోపీ తీసి నిలబడ్డాడు. మా అభిప్రాయాలు కలవకపోయినా మేకు దగ్గర మర్యాద మర్యాదే. తర్వాత కేకు తిన్నారు. నేను ఒక ముక్క నోట్లో వేసుకుని, కాఫీ ముట్టకుండా వచ్చేశాను. నా సమ్మె నాది.

నా కొంప ముంచింది ఆ సమ్మే.

కోపెన్‌హాగన్ ఆయన ఇంకో నాలుగు ఫొటోలు చూపించమని అడుగుతాడేమో, తాజావి ఉంటే మంచిదనుకున్నాను. మొన్న పొద్దున బలమైన తిండి తిన్న కణాలు ఎప్పటిలాగే పది కావస్తుండగా తయారయ్యాయి. స్లైడ్ చేశాను. గున్నెల్ వచ్చింది, “ఇంకా అలకేనా?” అంది, పోయింది. కాఫీకి వెళ్లేది లేదు కాబట్టి స్లైడ్‌ని నేరుగా మైక్రోస్కోపు కింద పెట్టాను.

ముద్దలు ముడుచుకుని లేవు స్తూరె. ఆ చివర నుంచి ఈ చివర దాకా, చిన్న కణాల్లో ఎలా ఉంటాయో అలాగే, హాయిగా పరుచుకుని ఉన్నాయి.

వేరే సీసా పొరబాటున తీశానేమో అనుకున్నాను. లేదు. మళ్లీ చేశాను. మళ్లీ అదే. అప్పుడు అదే స్లైడ్‌ని తీసి కిటికీ పక్క బల్ల మీద పెట్టి, ఒక కాఫీ తాగేంతసేపు కుర్చీలో చేతులు ముడుచుకుని కూర్చున్నాను. మళ్లీ పెట్టి చూస్తే, నాలుగేళ్లుగా నేను చూస్తున్న ఆ ముద్దలే. ముడుచుకున్నవి, చుట్టూ ఖాళీ ఉన్నవి. నా థీసిస్ అట్ట మీద ఉన్నవి.

అర్థమైందా? కణాలు పెరిగేది వెచ్చటి నీళ్లలో. వాటిని తీసి, రెండు అద్దాల మధ్య, గాలి ఆడకుండా, నవంబరు కిటికీ పక్కన అరగంట వదిలేస్తే చలికీ, ఊపిరాడకా ముద్ద బిగుసుకుపోతుంది. మరి చిన్న కణాలకి ఇలా ఎందుకు కాలేదంటావు. వాటిది పలచటి తిండి, మెల్లగా పెరుగుతాయి, మధ్యాహ్నం ఒంటిగంట దాటితే గానీ తయారు కావు. ఆ సమయంలో కాఫీ లేదు. వాటిని చేసిన వెంటనే చూసేదాన్ని. పెద్దవాటినేమో నాలుగేళ్లుగా రోజూ చలికి వదిలేసి, గున్నెల్ బన్నులు తిని వచ్చి చూశాను. నేను కనిపెట్టిన ప్రకృతి నియమం మా ఆఫీసు కాఫీ వేళ. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తలుపు గడియ పెట్టి రెండూ చేశాను.

పైగా అలా వదిలేసి రమ్మన్నది ఎవరు? హిల్డింగే! నేను చేరిన మొదటి రోజునే చెప్పాడు: “స్లైడ్ చేశాక కాఫీ తాగి రా. ఈలోపు కణాలు స్థిమితపడతాయి.” ఆయన అందరికీ చెప్పే మాట అది. ఒళ్లు మండిపోతోంది. తిడదామంటే, చేసింది నా చేతులతో నేను.

ఇక విను. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. కోపెన్‌హాగన్ ఆయనా కాఫీ తాగేవాడే, ఆయన లాబొరేటరీలోనూ ఇదే తంతు, ఆయన కనిపెట్టలేడు. చెబితే పరీక్ష పోతుంది, కొలతలన్నీ మొదటి నుంచి చేయాలి, ఇంకో ఏడాది. ఇంకో శీతాకాలం నువ్వక్కడ, నేనిక్కడ. కొత్త కిటికీలు ఎవరి కోసం మరి? నాలుగేళ్లు నిన్ను ఆగమన్నాను. ఇంకోసారి ఆ మాట అనడానికి నాకు నోరు రావడం లేదు. అందుకే చెప్పదలుచుకోలేదు. పరీక్ష ఇస్తాను, పట్టా తీసుకుంటాను, మైక్రోస్కోపుకి ఓ దండం పెట్టి నీ దగ్గరికి వచ్చేస్తాను. నేను నిర్ణయించుకున్నాను. నువ్వేమంటావో రాయి.

నీ
సోల్‌వెయ్


కిరునా,
డిసెంబరు

సోల్‌వెయ్,

నాకు ఉత్తరాలు రాయడం రాదని నీకు తెలుసు.

వచ్చెయ్. ఒక పురుగు కడుపులో ముద్ద ఇంత ఉందా అంత ఉందా అన్నదానికి లోకంలో ఎవడి అన్నమూ ఆగిపోదు. నీ ప్రొఫెసరు నిన్ను సభలో అంత మాటన్నాడు, ఆయన పేరు నిలబెట్టడానికి నువ్వు ఇంకో ఏడాది ధారపోస్తావా? నోరు మూసుకుని పట్టా తీసుకుని రా. లుండ్ సంగతి ముందే చెప్పి ఉంటే నిజంగానే రైలెక్కేవాణ్ని.

ఇంటికి రంగు ఏది వేయమంటావని అడుగుతున్నారు. పసుపు వేయమన్నాను. ఇక్కడ రెండు వారాలుగా సూర్యుడు సరిగ్గా కనిపించలేదు. సాయంత్రం పని నుంచి వచ్చాక మాట్లాడటానికి రేడియో ఒక్కటే ఉంది.

నీ స్తూరె


ఉప్సలా,
డిసెంబరు, లూసియా పండగ మర్నాడు

స్తూరె,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపంగా తిరిగాను. నువ్వు నన్ను తిడతావనుకున్నాను. “ఇదేం బుద్ధి సోల్‌వెయ్, పోయి చెప్పు” అంటావనుకున్నాను. అంటే నీ మాట కోసం చెప్పినట్టు చెప్పి, తప్పంతా నీ మీద వేసి, ఏడాదంతా నిన్ను సాధిద్దామని కాబోలు. నువ్వేమో వచ్చెయ్ అన్నావు. నేను నిర్ణయించుకున్నాను అని రాసిన మనిషిని నువ్వు సరేనంటే ఎగిరి గంతెయ్యాలి కదా? గంతెయ్యలేదు సరికదా, నీ ఉత్తరాన్ని సొరుగు అడుగున తోసేశాను. అప్పుడు తెలిసింది నాకు, నేను అలా బతకలేనని. నీ మాటలో తప్పేం లేదు. ముందు రాసింది నేను, నీ చేత ఔననిపించుకున్నదీ నేనే.

నిన్న పండగ బన్నులు, కుంకుమపువ్వు వేసినవి. పదింటికి వెళ్లి బల్ల దగ్గర కూర్చున్నాను. గున్నెల్ “వచ్చావా తల్లీ!” అని కప్పు నింపింది. హిల్డింగ్ కళ్లద్దాల మీంచి చూసి, “ఏం, సమ్మె విరమించావా? ముద్దలు ఏమంటున్నాయి?” అన్నాడు.

“పరుచుకున్నాయి,” అన్నాను.

“ఏమిటీ?”

“నువ్వన్నట్టే. పెద్ద కణాల్లోనూ పరుచుకునే ఉన్నాయి హిల్డింగ్. నా ఫొటోల్లో ముడుచుకున్నది చలికి. మనం ఇక్కడ కాఫీ తాగుతున్నంతసేపు అవి అక్కడ బిగుసుకుపోతున్నాయి.”

మొత్తం చెప్పాను. ఒంటిగంట సంగతి, పదింటి సంగతి, అన్నీ. గున్నెల్ చేతిలో పళ్లెం అలాగే ఉంది. “అయితే తప్పు నా బన్నులదా?” అంది పాపం, నిజంగానే భయపడి. ఎవరూ నవ్వలేదు.

హిల్డింగ్ ఇప్పుడు గర్జిస్తాడు, లేదా విజయగర్వంతో నవ్వుతాడు, ఏదైనా సరే భరిస్తానని గట్టిగా కూర్చున్నాను. ఆయన రెండూ చేయలేదు.

“కిటికీ పక్క బల్ల మీదేనా పెట్టింది?” అన్నాడు.

“అవును. నువ్వు చెప్పినట్టే.”

కప్పు కింద పెట్టాడు. “నేను రెండు రకాల కణాలనీ పొద్దున్నే సిద్ధం చేసేవాణ్ని,” అన్నాడు చాలా మెల్లగా. “చిన్నవాటిని ముందురోజు సాయంత్రమే మొదలుపెట్టేవాణ్ని. రెండు స్లైడ్లూ పదింటికి ముందే చేసి, రెండూ అదే బల్ల మీద పెట్టి, ఇక్కడికే వచ్చి కూర్చునేవాణ్ని.”

ఆయన రెంటినీ సమానంగా చలికి పెట్టాడు, అందుకే రెండూ సమానంగా ముడుచుకున్నాయి, అందుకే వాటా ఒకటే వచ్చింది.

“అంటే,” అన్నాడు, “ముప్పై ఏళ్లుగా నేను సరిగ్గా ఉన్న ముద్దని ఒక్కదాన్ని కూడా చూడలేదా?”

వచ్చే వసంతంలో రిటైరవుతున్నాడు స్తూరె. నాలుగేళ్లుగా ఈ మనిషి ముఖం వాడిపోతే చూడాలని ఎంత కోరుకున్నానో నీకు తెలుసు. తీరా వాడిపోతే చూడలేకపోయాను. గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాడు. చివరికి నాకే విసుగొచ్చి, “ఇక్కడ కూర్చుంటే ఏం తెలుస్తుంది? లే, చేసి చూద్దాం పద” అన్నాను.

ఇద్దరం చేశాం. ఆయన స్లైడ్ చేసి ఇవ్వడం, నేను ఆ క్షణమే చూసి ఫొటో తీయడం. రెండు అద్దాలు పగలగొట్టాడు. చెయ్యి కుదురుకోలేదు అని నాలుక చివర దాకా వచ్చింది, మింగేశాను. మూడింటి కాఫీకి గున్నెల్ పిలవడానికి వచ్చి, గుమ్మంలోంచే మమ్మల్ని చూసి తలుపు మెల్లగా వేసి వెళ్లిపోయింది.

సాయంత్రానికి ఫొటోలు కడిగి కొలిచాం. ముద్ద వాటా చిన్న కణాల్లోనూ పెద్ద కణాల్లోనూ ఒకటే. ఆయన నియమం నిలబడింది. కానీ ముద్ద ఆయన ముప్పై ఏళ్లుగా రాస్తున్నదానికంటే చాలా పెద్దది, కణంలో సగానికి పైగా అదే. పుస్తకాల్లోని ఆయన అంకె తప్పు. నా నియమమైతే మొత్తంగా మట్టిలో కలిసింది. గెలిచానని ఆయన ఒక్కసారి నవ్వి ఉంటే కసితీరా తిట్టుకునేదాన్ని, ఆ భాగ్యమూ లేదు. కోటు వేసుకుంటూ, “లుండ్‌లో నేను అన్న మాట తప్పు. నీ చెయ్యి బాగానే ఉంది, నేను నేర్పిందే బాగాలేదు” అన్నాడు. నేను, “చీకటి పడింది, జారుతుంది, చూసుకుని వెళ్లు” అన్నాను.

ఇవాళ పొద్దున చావడికి వెళ్లి మేకు పీకేశాను. అక్కడి గుమాస్తా, “మేకు కొట్టడానికి పద్ధతి ఉంది గానీ పీకడానికి లేదే! ఎవరినడగాలి?” అని తల గోక్కున్నాడు. వాడు ఎవరినో అడిగి వచ్చేలోపు నేను పటకారుతో లాగేసి, థీసిస్‌ని చంకలో పెట్టుకుని వచ్చేశాను. కోపెన్‌హాగన్‌కి హిల్డింగే ఉత్తరం రాశాడు, తన తప్పు ముందు రాసి, నాది తర్వాత రాశాడు.

కాబట్టి నేను జనవరికి రావడం లేదు. వచ్చే శీతాకాలానికి గానీ పని తెమలదు. కోపం తెచ్చుకో, నేను ఏమీ అనుకోను. నీకు రేడియో ఒక్కటే తోడని రాశావే, ఆ వాక్యం చదివినప్పటి నుంచి అన్నం సహించడం లేదు. ఇంకో ఏడాది ఆగమని నేను అడగను, అడిగే ముఖం లేదు. ఆ ఇల్లు ఉంచుతావో వదిలేస్తావో, నన్ను ఉంచుకుంటావో వదిలేస్తావో కూడా, నువ్వే రాయి.

సోల్‌వెయ్


కిరునా,
క్రిస్మస్‌కి ముందు

నా సోల్‌వెయ్,

నీ ఉత్తరం చదివి మొదట గోడని గుద్దాను. కొత్తగా వేసిన రంగు, పసుపు. తర్వాత నేను రాసిన ఉత్తరం గుర్తొచ్చి సిగ్గేసింది. నోరు మూసుకుని రా అని నేను నా భార్యకి రాశాను. అది చించి పారెయ్.

ఇల్లు వదిలేశాను. నిన్ను వదల్లేదు, ముందే చెబుతున్నాను, సగం చదివి ఏడుపు మొదలుపెట్టకు.

మా ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లి ఉప్సలాకి బదిలీ అడిగాను. అక్కడా రైళ్లు తిరుగుతాయి, వాటికీ కరెంటు కావాలి. ఆయన కాగితం మీద సంతకం పెట్టి, “నాలుగేళ్లుగా పెళ్లాం అక్కడ, నువ్విక్కడ. ఇన్నాళ్లూ అడగలేదేం?” అన్నాడు. నువ్వెప్పుడొస్తావు అని ప్రతి ఉత్తరంలో అడిగాను. నేను రావచ్చని ఒక్కసారైనా మనిద్దరిలో ఎవరికీ తట్టలేదు సోల్‌వెయ్.

ఎల్లుండి రైలెక్కుతున్నాను, మర్నాడు పొద్దున పది దాటాక దిగుతాను. స్టేషనుకి రా. స్లైడ్ మీద కణాలుంటే మాత్రం రావద్దు. సామాను మోసుకుని నేనే నడిచి వస్తాను.

నీ
స్తూరె